43వ ర్యాంకు కోసం

డిసెంబర్‌లో సైక్లోక్రాస్ అనే బురద సైకిల్ రేసుల సీజన్ అయిపోయింది. సైకిల్ ఇంకా గరాజ్‌లో గోడకి వేలాడుతూనే ఉంది, చైన్ ఎర్రగా తుప్పెక్కింది, షూస్ అడుగున ఎండిపోయిన గడ్డి పరకలు అట్టాగే ఉన్నాయి, మా ఆవిడ రోజుకోసారి చూసి "కడుగుతారా, పారెయ్యమంటారా" అని అడుగుతుంది. రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇన్నాళ్ళు గడిపేశా. మొన్న 2025 ఫిబ్రవరి 2, ఆదివారం, ఇంట్లో అందరూ నిద్రపోతుంటే చీకటితో లేచి కాఫీ పెట్టుకుని ఫ్రాన్స్‌లో లియెవాన్‌లో జరిగిన సైక్లోక్రాస్ ప్రపంచ చాంపియన్‌షిప్ చూశా. డచ్ రైడర్ మాథ్యూ వాన్ డెర్ పూల్ గెలిచాడు, అది అతనికి 7వ టైటిల్, ఎప్పుడో 1973లో బెల్జియం రైడర్ ఎరిక్ డి వ్లామింక్ పూర్తి చేసిన 7 టైటిళ్ళ లెక్కని ఇన్నేళ్ళకి అందుకున్నాడు. బెల్జియం వాడు వౌట్ వాన్ ఆర్ట్ వెనక వరసలో స్టార్ట్ అయ్యి ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటా వచ్చి రెండోవాడయ్యాడు. చూస్తున్నంతసేపూ నా ధ్యాస మాత్రం వాళ్ళిద్దరి మీదా లేదు. కెమెరాకి దొరకని ఆ 30వ వాడు, 31వ వాడు ఇప్పుడు ఏ మూల ఎట్టా కొట్టుకుంటున్నారో అని ఒకటే ఆలోచన. ఈ జబ్బు నాకు పోయిన సెప్టెంబర్‌లో మొదలైంది, దాని గురించే ఈ పోస్టు.

సైక్లోక్రాస్ అంటే తెలీని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఒక పార్కులో గడ్డి, మట్టి, ఇసక, గుట్ట, మెట్లు అన్నీ తగిలేట్టు రెండున్నర మూడు కిలోమీటర్ల చుట్టు ఒకటి టేపు కట్టి గీస్తారు. టైమ్ అయ్యేదాకా దాని చుట్టూ తిరగాలి, పెద్ద ప్రొఫెషనల్స్‌కి దాదాపు గంట, మా బోటి 40 దాటిన కొత్త బ్యాచికి 40 నిమిషాలు. సైకిల్ చూట్టానికి రోడ్డు రేసు సైకిల్ లాగే వంకీ హ్యాండిల్‌తో ఉంటుంది, టైర్లకి మాత్రం గుబ్బలుంటాయి, పెద్ద పోటీల్లో అవి 33 మిల్లీమీటర్లకి మించి వెడల్పు ఉండకూడదు. మధ్యలో 40 సెంటీమీటర్ల ఎత్తు చెక్కలు రెండు అడ్డంగా పెడతారు. అక్కడ దిగి, సైకిల్ ఎత్తుకుని, దూకి, మళ్ళీ ఉరుకుతూనే ఎక్కాలి. గుట్ట మరీ నిటారుగా ఉంటే సైకిల్ని భుజాన వేసుకుని పరిగెత్తాలి. అవును, సైకిల్ రేసులో సైకిల్ మనమీద ఎక్కుతుంది.

ఇదేం పిచ్చి అంటే, దీనికి నూట ఇరవై ఏళ్ళ పైన చరిత్ర ఉంది. 1902లో ఫ్రాన్స్‌లో డేనియల్ గూస్సో అనే సైనికుడు మొదటి జాతీయ పోటీ పెట్టించాడు. చలికాలం రోడ్డు రేసులు ఉండవు, కాళ్ళు ఊరికే ఉంటే బిగుసుకుపోతాయి, పొలాలకి అడ్డం పడి తొక్కితే, మధ్యమధ్యలో దిగి పరిగెత్తితే ఒళ్ళు వేడిగా ఉంటుంది అన్నది దీని వెనక లెక్క. 1910లో టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద రోడ్డు రేసు గెలిచిన ఆక్టావ్ లపీజ్ నా గెలుపులో ఈ చలికాలం బురద పాత్ర ఉంది అన్నాక మిగతావాళ్ళకీ నమ్మకం కుదిరింది. 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ పోటీ పెట్టారు. ఆడవాళ్ళకి ప్రపంచ పోటీ పెట్టడానికి మాత్రం ఇంకో యాభై ఏళ్ళు పట్టింది, 2000 దాకా ఆగాల్సొచ్చింది. ఇవాళ బెల్జియంలో ఇది జాతర కింద లెక్క, బురదలో నిలబడి బీరు తాగుతూ వేలమంది చూస్తారు. నేనుండే సియాటిల్ ఏరియాలో అంత సీన్ లేదు గానీ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా దాదాపు ప్రతి వారాంతం ఎక్కడో ఒకచోట రేసు ఉంటుంది, వానకి కొదవ లేదు కాబట్టి బురదకీ కొదవ లేదు.

ఇదంతా మా నాన్నకి ఫోన్లో వివరంగా చెప్పా. చెక్కలు, గుట్ట, భుజం, అన్నీ. ఆయన శాంతంగా విని, "ఎంత కట్టావు దీనికి" అన్నాడు. 45 డాలర్లు నాన్నా అన్నా. కాసేపు లెక్కేసుకుని, "ఏందిరా, సైకిలు మోసుకోటానికి డబ్బులు కట్టావా" అన్నాడు.

ఆయన ఆ మాట అనటానికి కారణం ఉంది. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, నల్లరేగడి. మా నాన్న పోస్టాఫీసులో టపా సంచి మోసే ఉద్యోగం, దాంతో పాటు ఎకరంన్నర పత్తి. వానాకాలం రేగడి సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. పది గజాలు తోసేసరికి మట్టి చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డ్ లోపల బిగుసుకుపోతుంది, చక్రం తిరగదు, ముందుకి రాదు వెనక్కి పోదు. కందిపుల్ల ఒకటి చేతిలో పెట్టుకుని గీకటం, పది గజాలు తొయ్యటం, మళ్ళీ గీకటం. చివరికి విసుగొచ్చి ఆ ఇరవై కిలోల సైకిల్ని భుజానెత్తుకుని, రెండో భుజానికి టపా సంచి వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని డొంక దాటి తారు రోడ్డు ఎక్కేవాడు. నేను వెనకాల గొడుగు పట్టుకుని పోయేవాణ్ణి. పట్టటం అంటే నాకు నేనే పట్టుకోవటం, ఆయనకి అందేది కాదు. ఇప్పుడు నేను ఎనిమిదిన్నర కిలోల కార్బన్ ఫ్రేము భుజాన వేసుకుని, గంట మోగించే జనం మధ్యలో, కావాలని, డబ్బులు కట్టి అదే పని చేస్తున్నా. దీంట్లో సిగ్గుపడాల్సింది ఉందా లేదా అని సీజన్ మొత్తం ఆలోచిస్తూనే ఉన్నా, ఆ సంగతికి మళ్ళీ వస్తా.

మొదటి రేసు సెప్టెంబర్ మూడో వారం. వాన లేదు, దుమ్ము. కొత్తవాళ్ళకి పాయింట్లుండవు కాబట్టి స్టార్ట్ దగ్గర నిలబెట్టే వరసల్లో ఆఖరి వరస. విజిల్ వేసిన రెండో నిమిషంలోనే నాకు ప్రాణం పోయినంత పనైంది. నేను అప్పటికి రెండేళ్ళుగా రోడ్డు మీద వంద కిలోమీటర్లు అవలీలగా తొక్కేవాణ్ణి, స్టామినా ఉందిలే అని ధీమాగా పోయా, ఇక్కడ ఆ స్టామినా ఎందుకూ పనికి రాలేదు. ప్రతి మలుపుకీ ఆగటం, మళ్ళీ లేచి శక్తి కొద్దీ తొక్కటం, మళ్ళీ మలుపు, నలభై నిమిషాల్లో ఒక్క పది సెకన్లు ఊపిరి తీసుకునే సందు ఇవ్వదు. చెక్కల దగ్గర దిగబోయి రెండో చెక్కకి కాలు తగిలి బోర్లా పడ్డా, టేపు అవతల నిలబడ్డ ఒకాయన బీరు డబ్బా పైకెత్తి "బాగుంది, మళ్ళీ చెయ్యి" అని అరిచాడు. ఇక్కడ ఎగతాళి కూడా ఆటలో భాగమే, బాగా పడితే ఇంకా బాగా అరుస్తారు. 61 మందిలో 58వ వాణ్ణి.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది, ఎవరూ మాట్లాడరు. ముందున్నవాడు మనకంటే ఒక చుట్టు ఎక్కువ తిరిగి మనల్ని దాటేస్తే మన రేసు ఒక చుట్టు ముందే అయిపోయినట్టు. అంటే వాడు 45 డాలర్లకి ఆరు చుట్లు తిరుగుతాడు, నేను అదే 45 డాలర్లకి ఐదే తిరుగుతా. నెమ్మదిగా తొక్కేవాడికి చుట్టుకి ఖర్చెక్కువ. ఆ దాటేసిన పుణ్యాత్ముడి మీద మొదట్లో కోపమొచ్చేది, నవంబర్ వచ్చేసరికి "ఇంకో చుట్టు లేదు" అనే ఆనందంతో వాడికి దారిచ్చి దండం పెట్టేవాణ్ణి.

నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం బలంతో సంబంధం లేనివే. టైర్లో గాలి, ఉదాహరణకి. మొదటి రేసుకి 38 పీఎస్ఐ కొట్టుకుని పోయా, గట్టిగా ఉంటే స్పీడు అనే రోడ్డు జ్ఞానంతో. రెండో రేసు దగ్గర పక్కన కారు పెట్టుకున్న పెద్దాయన, డెబ్బై ఉంటాయి, నా టైరుని బొటనవేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా వాల్వు పట్టుకుని సుయ్యిమని గాలి తీసేశాడు. 25 దగ్గర ఆపాడు. గడ్డిలో మలుపు తిరిగేటప్పుడు టైరు నేలని పట్టుకోవటం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. ఎక్కటం దిగటం కూడా అంతే. చైన్ కుడిపక్క ఉంటుంది కాబట్టి ఎడంపక్కకే దిగాలి, కుడికాలు వెనక నించి తిప్పి తెచ్చి, ఎడంకాలి షూని పెడల్‌కి పట్టి ఉంచే క్లిప్పు విడిపించి, పరుగులో కలిసిపోవాలి. ఎక్కేటప్పుడు గెంతి కూర్చోకూడదు, తొడ లోపలి భాగం మీద జారాలి. గెంతితే ఏమవుతుందో మగవాళ్ళకి వివరించక్కర్లేదు. నేను మా ఇంటి వెనక స్కూలు గ్రౌండులో మూడు వారాలు చీకట్లో హెడ్‌లైటు పెట్టుకుని ఈ ఎక్కటం దిగటం ప్రాక్టీస్ చేశా, కుక్కని తిప్పటానికొచ్చిన వాళ్ళు దూరంగా తప్పుకుని పోయేవాళ్ళు.

రెండో రేసు 55. మూడోది 49. అక్కడ పట్టుకుంది నాకు ఈ ర్యాంకు పిచ్చి, అసలు గొడవ కూడా అక్కడే మొదలైంది.

రేసుల్లో కలిసే వాళ్ళని అడిగితే అందరూ ఒకటే పాట: ర్యాంకుదేముంది, ఎంజాయ్ చెయ్యి, పూర్తి చెయ్యటమే గెలుపు. ఇటు మనవాళ్ళ దగ్గరికొస్తే ఇంకో పాట. కార్తీకమాసం వనభోజనాలు ఎప్పుడూ ఆదివారమే పెడతారు, రేసులూ ఆదివారమే. నవంబర్‌లో ఒకసారి పొద్దున రేసు చూసుకుని, కారులోనే బట్టలు మార్చుకుని, చెవి వెనక బురదతో పార్కుకి పోయా, పులిహోర అయిపోలేదు అదృష్టం. ఒకాయన అడిగాడు ఎన్నో వచ్చావని, 51 అన్నా. ప్రైజెంత అన్నాడు. ప్రైజ్ లేదండీ, మాకు ఫస్టొచ్చినవాడిక్కూడా ఏమీ పెద్దగా రాదు అన్నా. ఆయన నా వంక జాలిగా చూసి, ఆ పక్కనే ఉన్న మా పాపని "నీకెంత వచ్చిందమ్మా మ్యాథ్ ఒలింపియాడ్‌లో" అని అడిగాడు. నా సంగతి అక్కడితో క్లోజ్.

నాకు ఈ రెండు పాటలూ నచ్చవు. రెండోది ఎందుకు నచ్చదో చెప్పక్కర్లేదు, మొదటిది ఎందుకు నచ్చదో చెప్పాలి. ర్యాంకు ముఖ్యం కాదు అనేవాళ్ళు అబద్ధం చెప్తున్నారు. రేసయ్యాక పావుగంటలో రిజల్ట్స్ పెడతారు, ఆ షీట్ దగ్గర, లేదా ఫోన్లో, వేలితో పైకి కిందకి జరుపుతూ తన పేరు వెతుక్కోని వాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూళ్ళేదు. ఎంజాయ్‌మెంటే అయితే పార్కులో ఒక్కడివే తిరగొచ్చు, ఫ్రీ. పక్కనోడు ఉన్నాడు కాబట్టే, వాడు ముందున్నాడు కాబట్టే గుట్ట ఎక్కేటప్పుడు ఊపిరితిత్తులు నోట్లోకొచ్చినా నడవకుండా పరిగెడతాం.

నేను ర్యాంకుల్లో పుట్టి పెరిగినవాణ్ణి. టెన్త్ అయ్యాక గుంటూరులో రెసిడెన్షియల్ కాలేజీలో పడేశారు, ఏ కాలేజీ అనేది అనవసరం, అన్నీ ఒకటే. ప్రతి వారం టెస్టు, సోమవారం పొద్దున వరండాలో లిస్టు, లిస్టు మారితే సెక్షన్ మారుతుంది, సెక్షన్ మారితే చెప్పే లెక్చరర్ మారతాడు, పక్క మంచం వాడు మాట్లాడటం మానేస్తాడు. రెండేళ్ళు ఆ లిస్టు ముందు నిలబడ్డా. ఎంసెట్‌లో పదకొండు వేల చిల్లర వచ్చింది, ఆ అంకె ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చివరి డిజిట్‌తో సహా చెప్తా. ఆ అంకెకి ఏ కాలేజీ, ఆ కాలేజీకి ఏ కంపెనీ, ఆ కంపెనీకి ఏ వీసా, అన్నీ వరసగా దాంట్లోంచే వచ్చాయి. ప్రతి ర్యాంకు వెనకా ఒక తలుపుంది, పదివేలకి ఒక తలుపు, పదకొండు వేలకి ఇంకో తలుపు. అందుకే అక్కడ పక్కనోడు మనకంటే ముందుంటే భయం. వాడు నా తలుపులోంచి లోపలికి పోతున్నాడు.

43వ ర్యాంకు వెనక ఏ తలుపూ లేదు. 42 వెనకా లేదు. 44 వెనకా లేదు. నా వాదనంతా ఇంతే. ర్యాంకు చెడ్డదని మనం అనుకునేది దాని వెనక తలుపు ఉండటం వల్లే, ఆ తలుపు పీకేస్తే ర్యాంకంత ముద్దొచ్చే వస్తువు ఇంకోటి లేదు. ఏదీ రాదని తెలిసీ ప్రాణం పెట్టి కొట్టుకోవచ్చు, ఓడితే వాడి భుజం తట్టొచ్చు, ఎందుకంటే వాడు నా దగ్గరనించి ఏమీ తీసుకుపోలేదు. ముందు పది మంది సంగతి వేరే, వాళ్ళకి పాయింట్లొస్తాయి, పాయింట్లొస్తే పై కేటగిరీకి పోవాలి, కొంతమంది పోకుండా ఇక్కడే గెలుస్తూ కూర్చుంటారని గుసగుసలు, అక్కడ అప్పుడే చిన్న తలుపు మొలిచింది. ఇంకా పైకి పోతే ఆ తలుపు కోట గుమ్మం అవుతుంది. 2016లో బెల్జియంలో జోల్డర్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఒక అండర్ 23 రైడర్ సైకిల్లో దాచిన మోటారు దొరికింది, ఆరేళ్ళు నిషేధం పడింది. మా 43వ స్థానం దగ్గర ఎవడైనా మోటారు పెడతాడా? పెడితే పాపం వాడికేదో మానసిక సమస్య అని కూర్చోబెట్టి టీ ఇస్తాం.

ఆకుపచ్చ జెర్సీ గురించి చెప్పాలి. మూడో రేసులో నా ముందు ఒకడు, నా అంత పొట్ట, నా అంత వయసు, ఆకుపచ్చ జెర్సీ. ఇసక గొయ్యిలో నేను దిగి పరిగెడితే వాడు తొక్కుతూ పోయేవాడు, గుట్ట దగ్గర వాడు నడిస్తే నేను పరిగెత్తేవాణ్ణి. అంటే ప్రతి చుట్టులో రెండుసార్లు ఒకళ్ళనొకళ్ళం దాటుకునేవాళ్ళం, ఒకే చోట. నాలుగో రేసుకి వచ్చేసరికి స్టార్టింగ్‌లోనే కళ్ళతో వెతుక్కునేవాళ్ళం. పేరు తెలీదు, మాట లేదు, తలూపటమే. నలభై నిమిషాలు ఒక మనిషి వెనక చక్రాన్ని అంత దగ్గరగా చూస్తే వాడి గురించి చాలా తెలుస్తుంది, మలుపుకి ముందు భయపడి ఎక్కడ బ్రేకేస్తాడో, దగ్గు ఎప్పుడొస్తుందో, అలిసిపోతే కుడిమోకాలు బయటికెట్టా పోతుందో. వాడి కోసం నేను ఇసక నేర్చుకున్నా. బరువు వెనక్కి వెయ్యాలి, ముందు చక్రాన్ని తిప్పకూడదు, ముందువాళ్ళు వేసిన గాడిలోనే పోవాలి, అన్నిటికంటే ముందు తొక్కటం ఆపకూడదు. నేర్చుకుని మేరీమూర్ పార్కుకి వెళ్ళి వాలీబాల్ కోర్టు ఇసకలో ట్రై చేస్తే అక్కడి పిల్లలు వెళ్ళగొట్టారు. ఐదో రేసులో ఇసకలో వాణ్ణి దాటా. వాడు అదే రోజు గుట్టమీద పరిగెత్తి నన్ను దాటేశాడు. వాడూ నాకోసం నేర్చుకున్నాడన్నమాట. నా జీవితంలో ఇంత మర్యాద నాకెవరూ ఇవ్వలేదు.

అయితే నా వాదనకి నేనే సాక్ష్యం చెప్పలేని రోజులు కూడా ఉన్నాయి, దాచను. నవంబర్ మొదట్లో 51 వచ్చిన రాత్రి, వనభోజనాలాయన జాలిచూపు కూడా కలిసి, రెండు గంటల దాకా పాత రిజల్ట్స్ అన్నీ తవ్వి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ఎవడెవడు ఎంత టైములో చుట్టు తిరిగాడో చూసుకుంటూ కూర్చున్నా. పద్దెనిమిది వందల డాలర్ల కార్బన్ చక్రాలు కార్ట్‌లో వేశా. కొనలేదు, కార్ట్‌లో వారం ఉన్నాయి. ఆ రాత్రి నేను మళ్ళీ గుంటూరు వరండాలో లిస్టు ముందున్నా, తేడా ఏమీ లేదు. అంటే తలుపు బయట లేకపోయినా లోపల మనమే కట్టుకోగలం అన్నమాట. దీనికి నా దగ్గర జవాబు లేదు, మా ఆవిడ దగ్గరుంది, వచ్చి ల్యాప్‌టాప్ మూసేసి పోయింది.

నవంబర్ 19 రాత్రి ఇక్కడ బాంబ్ సైక్లోన్, అంటే ఉన్నట్టుండి బలపడే తుఫాను, వచ్చింది. గాలికి పెద్ద పెద్ద చెట్లు వేళ్ళతో సహా లేచి కరెంటు తీగల మీద పడ్డాయి, లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, మాకు మూడు రోజులు లేదు, మా ఆవిడ బార్బెక్యూ గ్రిల్లు మీద ఇడ్లీ పెట్టింది. ఆ తర్వాతి రేసుకి కోర్సు మొత్తం రాలిపోయిన ఆకులు, కొమ్మలు, వాటి కింద మోకాలి లోతు కాదుగానీ చీలమండ దాటి బురద. ఇక్కడి బురద మన రేగడి కాదు, పల్చగా ఉంటుంది, కానీ దాంట్లో గడ్డి పీచు కలిసి గేర్ల దగ్గర చాప అల్లినట్టు అల్లేస్తుంది. ప్రొఫెషనల్స్‌కి చుట్టుకి రెండుసార్లు పిట్ అందుతుంది, సైకిల్ అక్కడ పారేసి ఇంకోటి తీసుకుపోతారు, ఈలోపు మెకానిక్ మొదటిదాన్ని ప్రెషర్ వాషర్‌తో కడిగి ఉంచుతాడు. నాకున్నది ఒక్కటే సైకిల్, మెకానిక్ కూడా నేనే. రెండో చుట్టులో వెనక చక్రం తిరగటం ఆగిపోయింది. చుట్టూ చూశా, విరిగిపడ్డ కొమ్మ ఒకటుంది, పుల్ల విరిచా, కూర్చుని గీకా. చెయ్యి తనంతట తనే చేసింది. ముందు ఫోర్క్ దగ్గర, తర్వాత కింద పెడల్ ఇరుసు దగ్గర, పైనించి కిందకి కాదు, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ గీకాలి, ఇదంతా ఎవరూ చెప్పలేదు, గొడుగు పట్టుకుని నిలబడి చూసిందే. పక్కన పోతున్న ఇద్దరు ఆగి నా పుల్ల అడిగి తీసుకున్నారు. ఇంకో చుట్టు పోయాక గేరు హ్యాంగర్ పుటుక్కున విరిగి, గేర్లు మార్చే డిరైలర్ చక్రం చువ్వల్లోకి పోయింది, అక్కడితో సరి. రిజల్ట్‌లో అంకె ఉండదు, డీఎన్ఎఫ్ అని మూడక్షరాలు, రేసు పూర్తి చెయ్యలేదని. సైకిల్ భుజాన వేసుకుని కోర్సు పక్కనించి కారుదాకా నడిచా, కిలోమీటరుంటుంది.

ఆ నడకలో సిగ్గు ప్రశ్న మళ్ళీ వచ్చింది. మా నాన్న మోసింది జీతం కోసం, నేను మోసేది సరదాకి. ఆయన మొయ్యకపోతే ఊళ్ళో మనియార్డర్ అందక ఒక ముసలమ్మకి ఆ వారం గడవదు, నేను మొయ్యకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఒకప్పటి కష్టాన్ని తీసుకెళ్ళి డబ్బున్నవాళ్ళు ఆటగా చేసుకున్నారు అని ఎవరైనా అంటే నేను కాదనలేను. ఆ మాటకొస్తే తలుపు లేని ర్యాంకు కోసం కొట్టుకునే తీరిక నాకెక్కణ్ణించొచ్చింది, ఆ పదకొండు వేల చిల్లర ర్యాంకు తెరిచిన తలుపులోంచే కదా. తలుపు దాటి లోపలికొచ్చినవాడే తలుపుల్లేని ఆట ఆడగలడు. ఇది నా వాదనలో చిల్లు, పెద్దదే, పూడ్చటం నాకు చేతకాలేదు. ఒక్కటి మాత్రం గమనించా. ఈ సంగతి మా నాన్నతో అంటే ఆయన బాధపడలేదు, పైగా "భుజానికి ఎక్కడ ఆనించుకుంటున్నావు, మెడకి దగ్గరగానా, చివరనా" అని అడిగాడు. చివర అన్నా. "మెడకి దగ్గరగా పెట్టి, చెయ్యి కిందనించి పోనిచ్చి హ్యాండిలు పట్టుకో, ఊగదు" అన్నాడు. యూట్యూబ్‌లో బెల్జియం కోచ్ చెప్పింది కూడా అచ్చంగా అదే, ఆయన డచ్‌లో చెప్పాడు కాబట్టి నాకు అర్థం కాలేదు.

ఆఖరి రేసు డిసెంబర్‌లో, చలి, చేతులు మొద్దుబారిపోయే వాన. 60 మంది దాకా స్టార్ట్ అయ్యాం. మెడకి దగ్గరగా పెట్టుకుని గుట్ట ఎక్కా, నిజంగానే ఊగలేదు. ఆకుపచ్చ జెర్సీ నాకు ఐదు సెకన్ల ముందు, మళ్ళీ వెనక, మళ్ళీ ముందు. మా పాప టేపు దగ్గర నిలబడి ఆవుగంట మోగిస్తూ, వాళ్ళమ్మ నేర్పించిందో ఏమో, "నాన్నా, రా రా రా" అని తెలుగులో అరుస్తుంటే పక్కన నిలబడ్డ తెల్లవాళ్ళు కూడా అర్థం తెలీకుండా "రా రా రా" మొదలుపెట్టారు. ఆఖరి చుట్టు గంట కొట్టారు. ఇసకలో నేను ముందు, గుట్ట మీద సమానం, చెక్కల దగ్గర వాడి కాలు జారింది, నేను పోవచ్చు, పోయా. ఫినిష్ ముందు 60 మీటర్లు తడిగడ్డి, లేచి నిలబడి తొక్కా, వెనకనించి దగ్గు వినపడింది. ఎప్పుడొస్తుందో నాకు తెలిసిన దగ్గు. పక్కకొచ్చాడు. గీత దగ్గర వాడి ముందు చక్రం నా ముందు చక్రం కంటే ఒక్క చక్రం ముందుంది. వాడు 43, నేను 44. ఇద్దరం గడ్డి మీద పడుకుని పది నిమిషాలు లేవలేదు, తర్వాత మొదటిసారి పేర్లు చెప్పుకున్నాం.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశా. మాకు ఆదివారం సాయంత్రం, వాళ్ళకి సోమవారం పొద్దున. మామూలుగా మొదటి ప్రశ్న ఎన్నో వచ్చావని, తర్వాత వెంటనే అమ్మకిస్తున్నా అంటాడు.

"44 నాన్నా."

"43 ఎవుడు?"

"ఆకుపచ్చ చొక్కావాడు."

"ఎంత ఎడం?"

"ఒక చక్రం."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. వెనక మైకులో దేవుడి పాటలు, ఎవరో పాలవాణ్ణి పిలుస్తున్నారు.

"ఒక చక్రమేనా," అన్నాడు. "గాలి ఎంత కొట్టావసలు?"